మెరిగన్ పబ్బు మీద ఒరిగిన అక్షరం

2022లో ఐర్లండులోని ఎన్నిస్ ఊళ్లో మెరిగన్ వాళ్ల పాత పబ్బు గోడ పని మాకు వచ్చింది. నా భార్యది ఇక్కడ నర్సు ఉద్యోగం. నాకు చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, మా నాన్న దగ్గర నేర్చుకున్న సున్నం పని ఉంది. దాంతోనే జిమ్ అనే మేస్త్రీ దగ్గర చేరాను.

ఆ పబ్బు ముందు గది ఒకప్పుడు పచారీ కొట్టు. టీ పొడి, పంచదార అమ్మిన చెక్క అరలు ఇప్పటికీ ఉన్నాయి. బీరు పోసేది వెనక గదిలో. పక్కనున్న పెద్ద కమాను గుర్రబ్బండ్లు పెరట్లోకి పోవడానికి. వీధి వైపు, పై కిటికీల కింద, ఇంటిపేరును సున్నంతోనే ఉబ్బెత్తు అక్షరాలుగా తీర్చారు. యజమానురాలు నోరా తాతగారు దగ్గరుండి చేయించినవి.

మధ్యలో ఎవరో ఆ రాతిగోడకు సిమెంటు పూశారు. లోపలి చెమ్మ బయటికి పోలేక అక్షరాల వెనక డొల్ల పడింది.

"రాలి ఎవరి నెత్తినైనా పడితే? కొట్టేసి బోర్డు పెట్టుకోమంటున్నాడు మా అబ్బాయి," అంది నోరా. "అవి పోతే మాదీ అన్ని పబ్బుల్లాంటి పబ్బే."

సిమెంటు మెల్లగా ఊడదీశాం. చెక్క సుత్తితో తట్టి, చెవి పెట్టి, డొల్ల ఎక్కడుందో విన్నాను. అక్కడ సన్న రంధ్రాలు చేసి సిరంజితో పల్చటి సున్నం ఎక్కించాం. దీన్ని గ్రౌటింగ్ అంటారు. అది పట్టేదాకా అక్షరాలకు మెత్త చుట్టిన చెక్కలు ఆనించాం. అన్నీ నిలిచాయి, ఒక్క ‘ఆర్’ తప్ప. అది ముక్కలై నా చేతిలోకి వచ్చేసింది.

కొత్తది చేశాను. దారం కట్టి, తాపీతో అంచులు తీర్చి, నిటారుగా నిలబెట్టాను. జిమ్ "గ్రాండ్" అన్నాడు. నోరా వీధి అవతల నిలబడి చాలాసేపు చూసింది.

"బాగుంది. కానీ మా ఆర్ ఇంత బుద్ధిమంతురాలు కాదు. పక్కదాని మీద ఒరిగేది, పబ్బు మూసే వేళ మా తాతలాగ."

పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. "తిన్నగా ఉంటేనే కదా ఆంటీ పనితనం తెలిసేది?" అన్నాను.

"తెలుస్తోందయ్యా. అదే చిక్కు."

జిమ్ నవ్వి సుత్తి నా చేతికిచ్చాడు. పచ్చి ఆరకముందే దాన్ని తీసేసి, నోరా తెచ్చిన పాత ఫొటో చూసుకుంటూ ఒరిగిన ఆర్ మళ్లీ చేశాను. ఒరగబెట్టడమే కష్టమైంది. ఈసారి నోరా చూసి, లోపలికి వెళ్లి మా ఇద్దరికీ టీ పట్టుకొచ్చింది.

పాత ఇల్లు బాగుచేసినవాడి చెయ్యి బయటికి కనబడకూడదని నాకు అక్కడే తెలిసింది. ఆ వీధిన వెళ్లినప్పుడల్లా మా అమ్మాయి తల పైకెత్తి, "విచ్ వన్ ఈజ్ యువర్స్, నాన్నా?" అంటుంది. కనుక్కోమంటాను. ఇంతవరకూ తను నాది చూపించలేకపోయింది.