పక్కింటి తాతగారి ఇంకు పని

నా చిన్నప్పుడు, అంటే నాకు పదేళ్లున్నప్పుడు, మేము పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్నగారు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊరు మొత్తానికి మాదొక్కటే తెలుగు ఇల్లు. నాన్నగారు పొద్దున్నే వెళ్తే తిరిగి ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, కారు నడపడం రాదు. అలాంటి అమ్మకి ఆ వీధిలో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు పక్కింటి మామ్మగారు.

ఆవిడ అమెరికా ఆవిడే. బడిలో మిగతా పిల్లలు ఎలా పిలిచినా మా ఇంట్లో మాత్రం ఆవిణ్ణి మామ్మగారు, ఆవిడ భర్తని తాతగారు అనాల్సిందేనని అమ్మ పట్టు. అమ్మకీ మామ్మగారికీ మధ్య మాటలు పెద్దగా ఉండేవి కావు. ఆవిడ తన పెరట్లో కాసిన పచ్చి టమాటాలు గిన్నెలో వేసుకొచ్చేవారు. అమ్మ వాటితో పచ్చడి చేసి అదే గిన్నెలో తిరిగి ఇచ్చేది. ఆవిడ కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిని, మర్నాడు మళ్లీ గిన్నె తెచ్చేవారు. రోజూ మూడింటికి ఇద్దరూ మా వంటింట్లో కూర్చుని టీ తాగేవారు. ఇప్పుడు తలచుకుంటే, ఆ ఊళ్లో అమ్మని నిలబెట్టింది ఆ టీయే అనిపిస్తుంది.

తాతగారు సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. కుడి చెయ్యి వణికేది. ఏం ఉద్యోగం చేసేవారని అమ్మ ఒకసారి అడిగితే మామ్మగారు ‘ఇంకు పని’ అన్నారట. సిరా తయారుచేసే ఫ్యాక్టరీ కాబోలు అనుకుంది అమ్మ. నాన్నగారికీ అదే చెప్పింది. మేమందరం అదే నమ్మాం.

ఆ ఏడాది చర్చివాళ్లు పాత సామాన్లు అమ్ముతుంటే నాన్నగారు నాకు ఒక అట్టపెట్టెడు కామిక్ పుస్తకాలు కొనిపెట్టారు. నేను పుట్టకముందు అచ్చయినవి. సగం వాటికి అట్టలే లేవు. ఒక పుస్తకంలో ఒక పేజీ నన్ను పట్టేసుకుంది. పైన ముసుగు వీరుడొకడు మేడ మీంచి దూకుతుంటాడు. వాడి మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నా చూపంతా కింద ఉన్న వీధి మీదే. వాన పడుతూ ఉంటుంది. తడిసిన ఇటుక గోడలు, ఇనప మెట్లు, తీగ మీద ఎవరో తియ్యడం మరిచిపోయిన బట్టలు. మూడో అంతస్తులో ఒక కిటికీలో దీపం, ఆ వెలుగులో ఎవరో మనిషి. నాసిరకం కాగితం మీద అచ్చు అలుక్కుపోయి ఆ మనిషి మొహం తెలిసేది కాదు. అయినా ఆ బొమ్మ చూస్తుంటే నాకు తడి ఇటుకల వాసన వచ్చేది.

ఎండాకాలం సెలవులకి ముందు ఊరి లైబ్రరీలో పిల్లలకి బొమ్మల పోటీ పెట్టారు. వీధి బొమ్మ గియ్యాలి. నేను ఆ పేజీని మా గది కిటికీ అద్దానికి అంటించి, దాని మీద తెల్లకాగితం పెట్టి, వీరుణ్ణి వదిలేసి వీధి మొత్తం దిద్దేశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. కిటికీలో మనిషి సరిగ్గా కనిపించలేదు గనక అక్కడ అమ్మని వేశాను. పొడుగాటి జడ, బొట్టు, నాన్నగారి కారు కోసం చూస్తున్నట్టు కాస్త ముందుకు వంగిన భుజం. అడుగున నా పేరు రాశాను. అది తప్పని నాకు తెలియదని ఇప్పుడు చెప్పను. తెలుసు. కానీ ఆ పుస్తకంలో గీసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఎవరిదీ కాని బొమ్మ నాదైతే ఏం అనుకున్నాను.

నాకు మొదటి బహుమతి వచ్చింది. బొమ్మ పక్కన నీలం రిబ్బను కట్టి లైబ్రరీ గోడకి తగిలించారు. అమ్మ సంతోషం చెప్పనలవి కాదు. “ఇదంతా నువ్వే గీశావా?” అని ఒకటికి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఊఁ అన్నాను. శనివారం నాడు అమ్మ పట్టుచీర కట్టుకుని, పక్కింటివాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని, వాళ్ల కారులోనే లైబ్రరీకి బయల్దేరింది.

మామ్మగారు ముందు నవ్వుతూనే బొమ్మ దగ్గరికి వెళ్లారు. తర్వాత అద్దాలు సరిచేసుకుని ఇంకా దగ్గరికి వంగారు. ఆ కిటికీ దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. తలనొప్పిగా ఉందని చెప్పి కారులో వెళ్లి కూర్చున్నారు. తాతగారు బొమ్మని, కింద నా పేరుని, తర్వాత నన్ను చూశారు. “బొమ్మలో వాన బాగా కురిసింది,” అని మాత్రం అన్నారు. అందులో కోపం లేదు. అయినా నేను అమ్మ కొంగు చాటుకి జరిగాను.

ఆ మర్నాటి నుంచి మామ్మగారు టీకి రాలేదు. వారం గడిచింది. అమ్మ రోజూ మూడింటికి రెండు కప్పులు తీసేది, కాసేపు చూసి ఒకటి లోపల పెట్టేసేది. తను ఇంగ్లీషులో ఏదైనా తప్పు మాట అనేసిందేమోనని నాన్నగారి దగ్గర బాధపడటం నేను విన్నాను. చివరికి మైసూర్‌పాక్ చేసి పళ్లెంలో పెట్టి, ఇచ్చి రమ్మని నన్ను పంపింది.

తలుపు తీసింది తాతగారు. మామ్మగారు పైన పడుకున్నారట. ఆయన పళ్లెం అందుకుని, నీకొకటి చూపిస్తాను రమ్మని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లారు. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, ఒక సీసా నిండా కుంచెలు, ఇంకా విప్పని సిరా బుడ్లు. సొరుగులోంచి ఆయన ఒక మందపాటి అట్ట తీసి బల్ల మీద పెట్టారు. కామిక్ పేజీకి రెండింతలుంది. అదే వాన, అదే ఇనప మెట్లు, తీగ మీద అవే బట్టలు. అచ్చులో అలుక్కుపోయినవన్నీ ఇందులో స్పష్టంగా ఉన్నాయి. కిటికీలో ఒక అమ్మాయి మోచేతులు ఆనించి వీధిలోకి చూస్తోంది. బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ. మామ్మగారికి సరిగ్గా అక్కడే ఉంది.

తిడతారని తలవంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. కుర్చీ లాగి కూర్చోమని, తన ఇంకు పని ఏమిటో చెప్పడం మొదలుపెట్టారు.

కామిక్ పుస్తకమంటే ఒక్కరి పని కాదట. వీరుణ్ణి పెన్సిలుతో ఒకాయన గీసేవాడు. ఆ పెన్సిలు గీతల మీద సిరాతో దిద్దడం తాతగారి పని. వీధులూ ఇళ్లూ రావలసిన చోట పెన్సిలాయన ‘ఇక్కడ వీధి’ అని రాసి వదిలేసేవాడు. ఆ వీధులన్నీ తాతగారే సొంతంగా కట్టుకునేవారు. ఇరవై ఏళ్ల పైన చేశారు. ఏ పుస్తకంలోనూ ఆయన పేరు వెయ్యలేదు. అచ్చయ్యాక అసలు బొమ్మల్ని కంపెనీవాళ్లు చెత్తలో పారేసేవారట. ఇది మాత్రం ఒక మూల సిరా ఒలికి పాడవడంతో ఇంకొకటి గీసిచ్చి, దీన్ని ఇంటికి తెచ్చుకున్నారట. ఆయన దగ్గర మిగిలిన పేజీ ఇదొక్కటే.

పని తొందరలో ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తుంటే మామ్మగారు కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేవారట. పేరు వేసుకోవడానికి వీల్లేదు గనక, ప్రతి పుస్తకంలో ఏదో ఒక కిటికీలో ఆవిడని కూర్చోబెట్టేవారట. కొత్త పుస్తకం రాగానే ఆవిడ మొదట తను ఎక్కడుందో వెతుక్కునేవారట. ఆ సంగతి వాళ్లిద్దరికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. లైబ్రరీలో ఆవిడ ఆ వీధిని గుర్తుపట్టారు. తన కిటికీ ఎక్కడో వెతుక్కున్నారు. చూస్తే అందులో తను లేరు.

నేను ఏడ్చేశాను. ఆయన కంగారుపడి మైసూర్‌పాక్ ముక్క నా చేతిలో పెట్టారు. నేను కాస్త తేరుకున్నాక, కిటికీలో నువ్వు వేసిన ఆవిడ ఎవరని అడిగారు. మా అమ్మ అన్నాను.

“అనుకున్నాను,” అన్నారాయన. “ఆ బొమ్మలో నువ్వు గీసింది ఆవిడ ఒక్కర్నే. అన్నిటికంటే బాగున్నదీ ఆవిడే. దిద్దడం తప్పు కాదమ్మా. నేను బతుకంతా ఇంకొకరి గీతల మీద దిద్దినవాణ్ణే. అలాగే అందరం నేర్చుకుంటాం. కింద పేరు రాసేటప్పుడు మాత్రం నిజం రాయాలి.”

ఎవరితో ఏం చెప్పమనీ ఆయన అడగలేదు. అడిగి ఉంటే సులువుగా ఉండేది. ఇంటికి వెళ్లేసరికి అమ్మ చపాతీలు ఒత్తుతోంది. పళ్లెం తీసుకున్నారా, ఏమన్నారు అని ఆత్రంగా అడిగింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఆ బొమ్మ నాది కాదనీ, అద్దం మీద పెట్టి దిద్దాననీ, అది తాతగారిదనీ, ఆ కిటికీ మామ్మగారిదనీ, మొత్తం చెప్పేశాను. అమ్మ అప్పడాల కర్ర పక్కన పెట్టింది. నేను దెబ్బకి సిద్ధపడ్డాను. అమ్మ కొట్టలేదు. పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, “పద” అంది.

ఈసారి మామ్మగారే తలుపు తీశారు. అమ్మ దారి పొడవునా ఇంగ్లీషులో ఏవో మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. తీరా ఆవిడ ఎదురుగా నిలబడేసరికి అవన్నీ ఎటో పోయాయి. తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చెయ్యే ఆవిడ వైపు చాపింది. “యువర్ విండో,” అంది. అంతకంటే ఏమీ రాలేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

నేను సారీ చెప్పాను. అది ఆవిడకి వినపడిందో లేదో తెలియదు. ఆవిడ అమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, అమ్మకి అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పారు.

“ఆ వీధిలో చాలా కిటికీలున్నాయి. నువ్వు నా పక్కదాంట్లో ఉండు.”

ఆ సాయంత్రం మా ఇంట్లో చపాతీలు ఆలస్యమయ్యాయి.

సోమవారం నాన్నగారు ఆసుపత్రికి వెళ్తూ నన్ను లైబ్రరీ దగ్గర దింపారు. కారు దిగేముందు, తోడు రమ్మంటావా అని అడిగారు. వద్దన్నాను. లైబ్రరీ ఆవిడ నేను చెప్పిందంతా విని, నా ఎదురుగానే రిబ్బను విప్పేశారు. అది అగ్నిమాపక కేంద్రం బొమ్మ గీసిన ఇంకో పిల్లకి వెళ్లింది. బడిలో నన్ను నెల రోజులపాటు ‘కాపీ’ అని పిలిచారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా చెవులు కాలేవి. చెయ్యాల్సిన పని చేసినంత మాత్రాన సిగ్గు వెంటనే పోదని అప్పుడే తెలిసింది.

లైబ్రరీ ఆవిడ ఇంకో పని కూడా చేశారు. తాతగారి ఇంటికి వెళ్లి, ఆ అట్టని నెల రోజులకి అడిగి తెచ్చి, అద్దాల పెట్టెలో పెట్టారు. పక్కనే నా బొమ్మ. కింద చీటీ నన్నే రాయమన్నారు. ఈ జ్ఞాపకంలో ఎవరి పేర్లూ రాయకూడదనుకున్నాను గానీ, ఆ చీటీలో రాసిన పేరు ఇక్కడ దాచడం సరికాదు. ‘వీధి, వాన: వాల్టర్ కోసిక్. చూసి దిద్దినది: పక్కింటి అమ్మాయి’ అని రాశాను. నా పేరు రాయడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

ఊరివాళ్లు వచ్చి చూశారు. కుర్రప్పుడు సైన్యంలో ఉండగా కామిక్ పుస్తకంలో ఈ వీధి చూస్తూ ఇంటి బెంగ తీర్చుకున్నానని మంగలి షాపాయన అందరికీ చెప్పాడు. ఆ గీసిన మనిషికే ఇన్నేళ్లుగా తను క్షవరం చేస్తున్నానని అప్పటిదాకా ఆయనకి తెలియదు. తాతగారు ఒక్కసారే వచ్చారు. తన బొమ్మ వైపు పెద్దగా చూడలేదు. చీటీని రెండుసార్లు చదివి, “స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది,” అన్నారు. మామ్మగారు పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నారు.

తర్వాత రెండేళ్లు శనివారాలు ఆయన బల్ల దగ్గరే గడిపాను. వాన గీతలు వేళ్లతో కాదు, మోచేతి నుంచి రావాలని నేర్పారు. తన చెయ్యి మాట వినకపోతే నోటితో చెప్పి నా చేత గీయించేవారు. నాన్నగారి ఉద్యోగం మారి మేము ఆ ఊరు వదిలిన కొన్నాళ్లకి ఆయన పోయారని మామ్మగారు ఉత్తరం రాశారు. అమ్మ ఆ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకుంది.

నేను చిత్రకారిణిని కాలేదు. నాన్నగారిలా డాక్టర్నే అయ్యాను. ముప్ఫై ఏళ్లపాటు మైక్రోస్కోపులో రోగుల కణాలు చూసి జబ్బేమిటో తేల్చే పని చేశాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని వెంట్రుకకన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పెట్టి, రంగు అద్ది నా దగ్గరికి పంపేవాళ్లు వేరే ఉంటారు. నేను చెప్పే మాటంతా వాళ్ల చేతిపని మీదే నిలబడుతుంది. నేను రాసిన ప్రతి వ్యాసంలోనూ వాళ్ల పేర్లు ఉండాలని పట్టుబట్టేదాన్ని. అదేం చాదస్తమని తోటివాళ్లు నవ్వేవారు. ఎందుకో నేనెప్పుడూ వివరించలేదు.

ఉద్యోగం మానేసి ఇప్పుడు అమెరికాలోనే మోరిస్‌విల్ అనే ఊళ్లో మా అమ్మాయి వాళ్ల దగ్గర ఉంటున్నాను. సంతకం పెట్టాల్సినవి ఇప్పుడు పెద్దగా ఏమీ లేవు. అయినా ఏ కాగితం కిందనైనా నా పేరు రాయాల్సి వస్తే చెయ్యి ఒక్క క్షణం దానంతటదే ఆగుతుంది. ఇందులో ఇంకెవరి గీత ఉందో గుర్తుచేసుకుని, వాళ్ల పేరు ముందు రాసి, ఆ తర్వాతే నాది రాస్తాను.