మెదడుకు గుమ్మి లేదు

మొన్న జడ్చర్లల కంపెనీ బస్సు దిగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, సారు పోయిండే" అన్నది. మా ఇంటెదురుంగ ఉండే సైన్సు సారు. ఉన్న జాగల్నే కూలబడి ఏడ్చిన. ఎందుకేడ్చిన్నో మీకు చెప్పాలె.

సారు నాకు బడిల గూడ సారే. చాక్‌పీసు చెవిమీద పెట్టుకొని, అదేడున్నదని బల్లలన్ని లెంకేటోడు. "మెదడుకు గుమ్మి లేదురా! మీరు వడ్లు దాసుకున్నట్టు అది షక్కర దాసుకోదు. ఏ పూటది ఆ పూట నెత్తురు తేవాలె" అంటుండె. తెచ్చింది ఊకెనే లోపలికి పోదట. రక్తనాళాల గోడకున్న కణాలే దర్వాజలు తెరిచి అందిస్తయట. కొన్నొద్దులు షక్కర తక్కువైతే ఇంకిన్ని దర్వాజలు పెడ్తయట. "గోడే గదా అనుకునేరు, మీకన్న తెలివిగల్లది" అని నవ్వేటోడు. నేను పరీక్ష రాసి మరిచిపోయిన.

ఏడెనిమిదేండ్ల కింద, ఒక శనివారం. షుగరున్న మా బాపు పొద్దుగాల ఇన్సులిన్ సూది ఏసుకొని ఒక్కపొద్దున్నడు. పగటాల్లకు మగ్గం మీదనే చెమటలు. మాట ముద్దముద్దగొస్తాంది. నా దిక్కు చూసి "నువ్వెవరి బిడ్డవు?" అన్నడు. నేను "అమ్మా" అని మొత్తుకున్న.

మా లొల్లి ఇని సారు ఉరికొచ్చిండు.

"ఏమన్న తిన్నడా?"

"ఒక్కపొద్దు సారూ."

"సూది?"

"ఏసుకున్నడు."

"షక్కర తే, జల్ది!"

అమ్మ షక్కర డబ్బాను కడుపుకదుముకున్నది. "షుగర్ మనిషికి షక్కర పోస్తరా సారూ? సంపుతరా?"

"షుగరన్నది బీమారి పేరమ్మా! ఇప్పుడు నెత్తుర్ల షక్కరే లేదు. ఎన్ని దర్వాజలుంటే ఏం లాభం, లోపలికి అందియ్యనీకి ఏముంది?"

అప్పుడు యాదికొచ్చింది నాకు పాఠం. అమ్మ చేతులకెల్లి డబ్బా గుంజుకున్న. సారు ముందుగాల రెండు చుక్కలు పోసి, బాపు మింగుతుండని చూసినంకనే షక్కర నీళ్లు మెల్లగ తాపిండు. జరసేపటికి బాపు నన్ను పేరు పెట్టి పిల్చిండు. గంత సంబురం నాకు మళ్ల ఎన్నడు కాలే. ఆటోల దవాఖానకు పోతుంటే సారు బాపును ఒకటే తిట్టుడు. "దేవుడు ఓపిక పడ్తడు, మెదడు పట్టదు. యాదుంచుకో!"

మా దిక్కు శవం లేచేదాక ఎవ్వరు పచ్చి మంచినీళ్లు గూడ ముట్టరు. మొన్న నేను ఇల్లు చేరేటాల్లకు బాపు గూడ గట్లనే పాడె మోయనీకి నిలబడ్డడు. సారు భార్య ఏడుస్తనే తలెత్తి చూసింది.

"సూది ఏసుకున్నవా?"

బాపు తలూపిండు.

"తిన్నవా?"

బాపు సారు దిక్కు చూసిండు.

"తినకుంట మోసినవంటే సారు లేశి తిడ్తడు" అన్నది. నాతోని రెండు అరటిపండ్లు ఇప్పిచ్చింది.

అందరి ముంగట, సారు కాళ్లకాడ నిలబడి, బాపు ఏడ్చుకుంట తిన్నడు. తొక్కలు నా చేతిల పెట్టి, పాడె కింద భుజం పెట్టిండు.