ఆషాఢంలో ఐస్ హాకీ

మా కాలేజీ ఐస్ హాకీ టోర్నమెంట్లో ఐస్ ఎప్పుడూ లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. ఉన్నవల్లా ఫంక్షన్ హాలు గ్రానైటు గచ్చు, చక్రాల బూట్లు, కర్రలు, ఎర్రగడ్డలో పంక్చర్ షాపతను లారీ టైరు లోంచి కోసిచ్చిన గుండ్రటి రబ్బరు బిళ్ల. దాన్ని పిల్లలు పక్ అంటారు. నేను బిళ్ల అనే అంటాను.

నేను అమీర్‌పేటలో ఒక అమ్మాయిల డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఆటలు చూసే మేడమ్ ప్రసూతి సెలవు మీద వెళ్తే, "మీకు గొంతుందమ్మా" అని ప్రిన్సిపాల్ గారు ఆవిడ విజిల్ తెచ్చి నా మెడలో వేశారు. ఆవిడ మళ్లీ రాలేదు. విజిల్ నా మెడ వదల్లేదు.

స్కేటింగ్ నేర్చుకున్న పిల్లలు కొందరు రోలర్ హాకీ పోటీలు పెడదామన్నారు. ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆలోచించి, "రోలర్ అంటే జనం రోడ్డు రోలర్ అనుకుంటారు. కార్డుల మీద ఐస్ అని వేయిద్దాం, అడ్మిషన్లకి బావుంటుంది" అన్నారు. అలాగే వేయించారు. మొదటి ఏడాది ముఖ్య అతిథిగా పిలిచిన పెద్దాయన ఆహ్వానం చదువుకుని మంకీ క్యాపు, మఫ్లరు, ఉన్ని చేతి తొడుగులతో కారు దిగారు. హాల్లో ఏసీ కూడా లేదు. అయినా మర్యాదస్థుడు, ఉపన్యాసం అయ్యేదాకా ఒక్కటీ విప్పలేదు. వందన సమర్పణ వేళకి ఆయన్ని చూస్తే భయమేసింది.

హాలు సంగతి చెప్పాలి. శ్రీనగర్ కాలనీలో మా పక్కింటాయన్ని, మా గోదావరి వైపు మనిషి కదా అని, బాబాయ్ గారూ అంటాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే దారిలో ఆయనకో ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఆషాఢం వచ్చి పడితే ఆ నెలంతా ఈగలు తోలుకోవడమే. "ఊరికే పడుండేదే కదమ్మా, ఆడుకోండి" అన్నారాయన. దాంతో మా టోర్నమెంట్ తేదీలు పంచాంగం చేతిలోకి పోయాయి. వేరే కాలేజీల వాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, ఈసారి ఆషాఢం ఎప్పుడు పడుతోంది?" అని అడిగేవాళ్లు.

నియమాలు పిల్లలు చెప్పారు, నేను విజిల్ వేశాను. ఒక్క నియమం మాత్రం ప్రిన్సిపాల్ గారిది. ఫైనల్ సమమైతే కప్పు పాత విజేత దగ్గరే ఉంటుంది. మళ్లీ పేరు చెక్కించే ఖర్చు తప్పుతుందని ఆయన లెక్క. ఆ పూట నేను నోరు మూసుకుని సంతకం పెట్టాను, బుద్ధి లేక.

అయిదో ఏడాది వచ్చేసరికి ఇదే ఆఖరని తేలిపోయింది. బాబాయ్ గారు హాలుని బట్టల షోరూముకి ఇచ్చేశారు, శ్రావణం పెళ్లిళ్లు అవగానే పని మొదలు. మా కెప్టెన్‌కీ అదే ఆఖరి ఏడాది. ఎర్రగడ్డ రైతుబజారులో వాళ్ల అమ్మ కూరగాయలు అమ్ముతుంది. ఈ పిల్ల తెల్లారగానే అమ్మకు బుట్టలు సర్దిపెట్టి కాలేజీకి వచ్చేది. డిగ్రీ మొదటి ఏడాదీ రెండో ఏడాదీ ఫైనల్లో పంజాగుట్ట కాలేజీ చేతిలో ఓడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి ఏడుపు లేదు.

"గీసారి కప్పు మనదే మేడమ్. మీరు జర ఫికర్ చెయ్యకుండ్రి" అంది.

నేను ఫికర్ చేయకుండా ఎలా ఉంటాను? ఆ పిల్ల గెలిస్తే చూడాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. రెఫరీ అలా అనకూడదు, తెలుసు.

ఫైనల్ రోజు ఉదయం హాలుకి వెళ్తే గుమ్మానికి తెల్లపూల తోరణం. లోపల స్టేజీ మీద థర్మాకోల్ హృదయం, దాంట్లో రెండు పేర్లు. నిచ్చెనల మీద మనుషులు. బాబాయ్ గారికి ఫోన్ చేశాను.

"చర్చి వాళ్లమండీ, ఫంక్షన్ ఉంది అన్నారమ్మా. ప్రార్థన కూటం అయ్యుంటుంది, సాయంత్రం పెట్టుకుంటారులే అనుకున్నాను. ఆషాఢంలో పెళ్లని ఎవరికి తడుతుంది?"

"మీకు తట్టదా బాబాయ్ గారూ? నలభై ఏళ్లుగా హాలు నడుపుతున్నారు!"

"నీకు తట్టిందా?"

నాకూ తట్టలేదు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆవిడ క్రైస్తవురాలు. ఆవిడ పెళ్లి నిండు ఆషాఢంలో జరిగింది. నేను వెళ్లి, కేకు తిని, ఫోటో దిగి వచ్చాను. అయినా ఆషాఢంలో ఊళ్లో ఎవరికీ పెళ్లి కాదని అయిదేళ్లు నిశ్చింతగా ఉన్నాను. ఇంత చదువూ చదివి.

పెళ్లికూతురి తండ్రి కరెంటాఫీసులో పనిచేసే నెమ్మదైన మనిషి. నేను అరవడానికి సిద్ధపడి వెళ్లాను. ఆయన నా విజిల్ చూసి, వెనక చక్రాల బూట్లతో నిలబడ్డ పిల్లల్ని చూసి, "మాకు ఆషాఢం పట్టింపు లేదమ్మా. చర్చీ ఖాళీ, హాలూ ఖాళీ, దేవుడి దయ అనుకున్నాం. ఇప్పుడు చర్చికి వెళ్తున్నాం, ఒంటిగంటకి వస్తాం. ఈలోపు ఆడేసుకోండి. పూలు మాత్రం పాడు చేయకండి" అన్నాడు. అరవాల్సిన నేను ఆయనకి దణ్ణం పెట్టి వచ్చాను.

పదకొండింటికి మొదలెట్టాల్సింది. పంజాగుట్ట జట్టు బస్సు ఫ్లైఓవర్ కింద ఇరుక్కుని, ఆ కాస్త దూరం రావడానికి గంట పట్టింది. వాళ్ల పీఈటీ సారు దిగుతూనే, "తోరణం ఉంది, మా గోల్‌కీపర్ ఏకాగ్రత చెడుతుంది" అని వాదన మొదలెట్టాడు. ఆయన నాతో వాదించని ఏడాది లేదు. మొదటి సగం వాళ్ల గోల్‌కీపర్ స్టేజీ ముందు నిలబడేటట్టు, రెండో సగం గుమ్మం ముందు నిలబడేటట్టు ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

రెండో సగం చివరికి చెరో గోలు. ఇలాగే ఆగితే కప్పు మళ్లీ పంజాగుట్టకే. అప్పుడే బయట బ్యాండు మోగింది, పెళ్లివాళ్లు వచ్చేశారు. గుమ్మం నిండా జనం, మధ్యలో తెల్లచీరలో పెళ్లికూతురు, చేతిలో పూలగుత్తి. ఆట ఆగిపోయింది. తండ్రి మొహమాటంగా వాచీ చూసుకున్నాడు.

"ఇంకెంత సేపుందండీ?" అని నన్నడిగింది పెళ్లికూతురు.

"ఒక్క నిమిషం."

"ఆడనివ్వండి నాన్నా. నేనూ చూస్తాను" అని అక్కడే నిలబడింది.

విజిల్ వేశాను. మా కెప్టెన్ పిల్ల బిళ్ల అందుకుని ఇద్దర్ని తప్పించుకుని దూసుకుపోయింది. వాళ్ల గోల్‌కీపర్ కాలు జారి కూలబడింది. ముందు గోలు ఒక్కటే, అడ్డం ఎవరూ లేరు. గోలుకి కట్టింది క్రికెట్ ప్రాక్టీసు పాత వల, నిండా చిరుగులు. దాని వెనకే పెళ్లికూతురు. మా పిల్ల కర్ర ఎత్తింది.

"కొట్టవే" అని అరిచాను. రెఫరీని. బ్యాండు వాళ్లు కూడా విన్నారట, తర్వాత చెప్పారు.

ఎత్తిన కర్ర అలాగే దించేసింది. బిళ్ల దాని కాళ్ల దగ్గరే ఆగింది. టైము అయిపోయింది.

కప్పు పంజాగుట్టకి వెళ్లింది. నేను మండిపోతూ దాని దగ్గరకు పోయి, "ఎందుకాపావే, పిచ్చిదానా?" అన్నాను.

"ఎట్ల కొడ్త మేడమ్? వల చినిగి ఉంది. ఆమెకు తాకితే ఎట్ల? పెండ్లి ఆమెది."

నేను వెళ్లి ఆ వల విప్పడం మొదలెట్టాను.

పెళ్లివాళ్లు మమ్మల్ని పోనివ్వలేదు, రెండు జట్లనీ భోజనాలకి కూర్చోబెట్టారు. మా పిల్ల నా పక్కన కూర్చుంది. బిర్యానీ కలుపుతోందే గానీ తినడం లేదు. తలెత్తకుండా, "మేడమ్, కొడితే పోతుండె గదా?" అంది.

మూడేళ్లుగా ఆ పిల్ల అడిగిందల్లా ఆ ఒక్క గోలే.

"పోయేదే. రెఫరీని నేను, చెప్తున్నా. అది గోలే" అన్నాను, హాలంతా వినపడేలా.

ఎదురు వరసలో పంజాగుట్ట పీఈటీ సారు తల ఎత్తాడు. వాదిస్తాడనుకుని చేయి కడుక్కోకుండానే లేవబోయాను. ఆయన మా పిల్ల వైపు ఒకసారి చూసి, "గోలే మేడమ్" అని, మళ్లీ తినడంలో పడ్డాడు.