నలభై వేలమందిలో ఓరిన్ కేక

ఓరిన్ స్లెట్టెన్ మాట విన్నవాళ్ళు తక్కువ. కేక విననివాళ్ళు మాత్రం నెబ్రాస్కాలోని వెల్డన్ ఊళ్ళో లేరు. మిసెస్ కొవారిక్ ఇంట్లో ఆరు వేసవులు అద్దెకున్నాడు. కాఫీ ఇంకా పోయనా అని ఆవిడ అడిగితే కప్పు ముందుకు జరిపేవాడు, వద్దంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. అంతటితో సంభాషణ సరి. అలాంటి మనిషి సాయంత్రం బేస్‌బాల్ మైదానంలో బంతి గాల్లోకి లేవగానే "నాదే!" అని అరిచాడంటే, ధాన్యం గాదెల అవతల రైలు పట్టాల వెంట నడిచిపోయేవాళ్ళు కూడా ఆగి వెనక్కి చూసేవాళ్ళు.

ఊరికే అరిచే అరుపు కాదది. సెంటర్ ఫీల్డ్‌లో, దూరాన పచ్చిక నడిమధ్యలో, నిలబడ్డవాడికి ఉన్న ఒకే ఒక్క అధికారం. అతనికి ఎడమవైపు, కుడివైపు కాసేవాళ్ళు ఎంత మొనగాళ్ళయినా సరే, నడిమివాడు "నాదే" అన్నాక పక్కకి తప్పుకోవలసిందే. తప్పుకోకపోతే ఇద్దరు దుక్కల్లాంటి మగాళ్ళు ఆకాశం చూస్తూ పరిగెత్తి గుద్దుకుంటారు. పళ్ళు రాలతాయి, బంతి గడ్డిమీద పడుతుంది. ఓరిన్ పక్కన కాసినవాళ్ళు అతనివైపు చూసే పని కూడా పెట్టుకునేవాళ్ళు కాదు. చెవులుంటే చాలనేవాళ్ళు. వెల్డన్‌లో ఆటకి మూడొందలమంది వస్తే జనం విరగబడ్డారన్న లెక్క. అంత చిన్న గుంపులో ఓరిన్ గొంతు మునిగిపోయే ప్రసక్తే లేదు.

నార్త్ డకోటాలో తండ్రి గోధుమ పొలాన్ని తమ్ముడికి వదిలేసి ఇరవయ్యో ఏట ఇల్లు కదిలాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు చిన్న లీగుల్లోనే తెల్లారిపోయాయి. బస్సు, అద్దె గది, చల్లారిన మాంసం రొట్టె, మళ్ళీ బస్సు. బ్యాటు అతనికి ఎప్పుడూ అంతంత మాత్రమే. బంతి పట్టడంలో మాత్రం ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో అతన్ని మించినవాడు లేడు. ఏం లాభం? పెద్ద లీగులో గిరాకీ అంతా కొట్టేవాళ్ళకే. పక్కన కాసిన కుర్రాళ్ళు ఏడాదో రెండేళ్ళో ఉండి పైకి వెళ్ళిపోయేవాళ్ళు. పోతూ పోతూ భుజం తట్టి, "నువ్వూ వచ్చేస్తావులే పాస్టరూ" అనేవాళ్ళు. నోరు విప్పడని అతనికి ఆ పేరు పెట్టారు. పాస్టర్లు ఎంతసేపు మాట్లాడతారో ఆ పేరు పెట్టినవాడు ఏ ఆదివారమూ కూర్చుని విన్నట్టు లేదు.

అయోవాలో ఆల్మా అని ఒక బడిపంతులమ్మ ఉండేది. పైకి పిలుపొచ్చాక పెళ్ళి చేసుకుందామన్నాడు ఓరిన్. ఆవిడ చూసి చూసి మందుల షాపాయన్ని చేసుకుంది. ఆవిణ్ణి అతనేమీ తప్పుపట్టలేదు. కానీ ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఎవరింటికీ ఆదివారం భోజనానికి వెళ్ళలేదు. ఎవరైనా పిలిచినా ఏదో సాకు చెప్పేవాడు. మైదానం మధ్యలో ఒక్కడూ నిలబడడం అలవాటైన మనిషి, బయటకొచ్చాక కూడా మనుషులకి అంతే దూరంలో నిలబడడం మొదలుపెట్టాడు. అది అతనికి ఇష్టమని జనం అనుకున్నారు. ఇష్టం కాదు. పైకి వెళ్ళాక అన్నీ మొదలుపెడదామని బతుకుని వాయిదా వేసుకుంటూ వచ్చాడు.

యాభై ఏడు సెప్టెంబరులో, చిన్న లీగు ఆటలు ముగిసిన మర్నాడు, అతను పెట్టె సర్దుకుంటుంటే వంటింట్లోంచి మిసెస్ కొవారిక్ కేకేసింది.

"ఏమయ్యా ఓరిన్, నీకు ఫోను! నీకు ఫోను చేసే మనుషులున్నారని ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే!"

అతను రెండు మాటలు మాట్లాడి ఫోను పెట్టేసి, వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరైనా పోయారా నాయనా?"

"లేదండీ. పైకి రమ్మన్నారు."

ఆవిడ పిండి చేతులతోనే అతని మొహం పట్టుకుని భోరున ఏడ్చేసింది. తనకి కూడా ఏడుపొచ్చి ఉంటే బాగుండేదని ఓరిన్‌కి అనిపించింది. రాలేదు.

సెప్టెంబరులో పెద్ద జట్లు కింది నుంచి కొందర్ని అదనంగా పిలిపించుకుంటాయి. చాలామందికి అదొక పరీక్ష. సరస్సు ఒడ్డున ఉన్న ఆ మహానగరంలో, దుస్తులు మార్చుకునే గదిలో అడుగుపెట్టగానే ఎడమవైపు కాసే క్లెమ్ హేబర్‌కార్న్ ఎదురొచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఆ ఊరికి దేవుడు, ఆ ఏడాదితో ఆట మానేస్తున్నాడు.

"నెబ్రాస్కా కేకవి నువ్వేనా? నువ్వరిస్తే అక్కడ ఆవులు పాలు ఎగ్గొడతాయటగా గురూ!"

గదంతా నవ్వింది. ఓరిన్ కూడా నవ్వాడు. అతని గొంతు గురించి ఇక్కడిదాకా తెలిసిందంటే గర్వంగానే ఉంది.

తర్వాత అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. చెడ్డవాళ్ళు కారు, తీరికలేనివాళ్ళు. ఆట తర్వాత గుంపులు గుంపులుగా భోజనాలకి పోయేవాళ్ళు. ఓరిన్ హోటల్ గదికి శాండ్‌విచ్ తెప్పించుకుని కిటికీ దగ్గర తినేవాడు. ఆట జరుగుతున్నంతసేపూ నేలలోకి దిగి ఉన్న బెంచీ మీద, సిమెంటు కప్పు కింద కూర్చునేవాడు. జట్టు అప్పటికే పందెంలో వెనకబడింది, సగం కుర్చీలు ఖాళీ. ఆ కప్పు కిందకి జనం గోల పక్కింట్లో రేడియోలా మెల్లగా వచ్చేది. రోజు తర్వాత రోజు అలా గడిచిపోయింది గానీ ఎవరూ అతన్ని లేవమనలేదు.

ఆఖరి ఆదివారం వచ్చింది. క్లెమ్‌కి వీడ్కోలు చెప్పడానికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. నలభై వేలమందికి ఒక్కరు తగ్గరని అన్నారు. ఆటకి ముందు, జట్టుని నడిపే మేనేజర్ డోలన్ ఓరిన్‌ని పక్కకి పిలిచాడు.

"చూడు స్లెట్టెన్, మార్చిలో ఫ్లోరిడాలో మన సాధన క్యాంపుకి దూరాన కాసేవాణ్ణి ఇంకొక్కణ్ణి పిలవాలి. నువ్వా, ఇంకో కుర్రాడా అని తేల్చుకోలేకపోతున్నా. వీలుంటే ఇవాళ నిన్ను దింపుతా. కొట్టమని అడగను. వచ్చిన బంతి పట్టు, చాలు."

"పడతానండీ," అన్నాడు ఓరిన్. ఆ ఊరొచ్చాక అతనన్న మాటల్లో అదే పొడుగు.

ఎనిమిదో ఇన్నింగ్స్ చివర్లో సెంటర్ ఫీల్డర్ కాలు మడతపడింది. డోలన్ వేలు చూపించాడు. ఓరిన్ కప్పు కిందనుంచి వెలుగులోకొచ్చి, పరిగెత్తుకుంటూ వెళ్ళి పచ్చిక మధ్యలో నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళుగా కలలో చూసిన చోటు. క్లెమ్ దూరం నుంచి టోపీ ఎత్తి పలకరించాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. అవతలి జట్టు కన్నా ఒక్క పరుగు ముందున్నారు. వాళ్ళవాళ్ళు ఇద్దరు అవుట్, ఇద్దరు పరుగు తియ్యడానికి బేసుల మీద కాచుకుని ఉన్నారు. ఇంకొక్కడు అవుటైతే క్లెమ్ ఆఖరి ఆట గెలుపుతో ముగుస్తుంది. జనం అందరూ లేచి నిలబడ్డారు.

బ్యాటు తగిలిన తీరు చూసి ఓరిన్‌కి తెలిసిపోయింది. ఎత్తుగా, మెల్లగా, తనకీ క్లెమ్‌కీ మధ్యకి. తేలికైన బంతి. అంత తేలికైన బంతులు బస్సు కిటికీలకి దోమలు కొట్టుకున్నట్టు వేలకొద్దీ వచ్చాయి అతనికి. కదిలాడు, కిందకి చేరాడు, గుండెల్నిండా గాలి పీల్చి "నాదే!" అని అరిచాడు.

తన గొంతు తనకే వినపడలేదు.

నోరు తెరిచాడు, గొంతు నరాలు బిగిశాయి, చప్పుడు మాత్రం లేదు. మళ్ళీ అరిచాడు. నలభై వేలమంది క్లెమ్ పేరే అరుస్తున్నారు. పద్నాలుగేళ్ళ అలవాటు ఒకటే చెప్పింది, అరిచావు కనక అతను తప్పుకుంటాడని. ఓరిన్ తల తిప్పి చూడలేదు. క్లెమ్ కూడా చూడలేదు, తన బంతేననుకున్నాడు.

భుజమూ దవడా ఢీకొన్నాయి. ఇద్దరూ చెరోవైపు పడ్డారు. బంతి చేతి తొడుగు అంచుకి తగిలి గోడదాకా దొర్లింది. బేసుల మీద ఉన్న ఇద్దరూ పరుగులు తీసేశారు. తమ జట్టు మళ్ళీ బ్యాటు పట్టింది గానీ ఏమీ చెయ్యలేకపోయింది. ఆట పోయింది.

గదిలో క్లెమ్ దవడకి ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. డోలన్ వచ్చి ఓరిన్ ముందు నిలబడ్డాడు.

"అరిచావా?"

"అరిచానండీ. రెండుసార్లు."

"అరిస్తే ఎవడికి వినపడుతుందయ్యా అక్కడ? చేతులు రెండూ ఎత్తి ఊపాలి. పక్కవాడి వైపు చూసుకోవాలి. ఇక్కడ అందరూ చేసేది అదే."

"నాకు తెలీదండీ."

డోలన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కోపం కూడా తెచ్చుకోలేకపోయాడు పాపం. "తప్పు మాదే. నీకు చెప్పాలని మాలో ఒక్కడికీ తోచలేదు."

క్లెమ్ ఐసు తీసి, "నీ కేక గురించి అంత విన్నాక ఇంకేం చెబుతాం గురూ," అన్నాడు. దెప్పుడు కాదది, నిజంగానే బాధపడ్డాడు. లేచి వచ్చి ఓరిన్ తల నిమిరాడు. ఓరిన్‌కి అప్పుడొచ్చింది ఏడుపు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి బాగా తిప్పి మరీ ఏడ్చాడు. వాళ్ళు తిట్టి ఉంటే తట్టుకునేవాడేమో.

ఆ చలికాలం తమ్ముడింట్లో ఉన్నాడు. ఫోను మోగినప్పుడల్లా పశువుల కొట్టంలోంచి బయటికొచ్చి గుమ్మంవైపు చూసేవాడు. మరదలు అడ్డంగా తలూపేది. మార్చి వచ్చింది, వెళ్ళింది. ఫ్లోరిడాకి ఆ ఇంకో కుర్రాడు వెళ్ళాడు.

మే నెలలో ఓరిన్ మళ్ళీ వెల్డన్‌లో సెంటర్ ఫీల్డ్‌లో నిలబడ్డాడు. ఎడమవైపు టెరెల్ బూన్ అని కొత్తగా వచ్చిన ఇరవయ్యేళ్ళవాడు. చినుకు పడుతోంది, చెక్క మెట్ల మీద గొడుగులు వేసుకుని ఓ యాభైమంది కూర్చున్నారు. ఇద్దరి మధ్యకీ ఒక బంతి లేచింది. ఓరిన్ పరిగెత్తుతూ రెండు చేతులూ తలపైకెత్తి అటూ ఇటూ ఊపాడు. ఊపుతూనే "నాదే!" అని అరిచాడు. తల తిప్పి బూన్‌ని చూశాడు. అప్పుడు పట్టాడు.

బెంచీకి తిరిగొస్తుంటే బూన్ పక్కకొచ్చాడు.

"ఏంటి బాబాయ్ ఆ చేతులు? నీళ్ళల్లో కొట్టుకుపోతున్నవాడిలా! నువ్వరిస్తే మా అమ్మకి టెక్సాస్‌లో వినపడింది. ఇక్కడున్నదే యాభైమంది, అందులో సగం మంది కునుకు తీస్తున్నారు."

"అలవాటు చేసుకుంటున్నానోయ్," అన్నాడు ఓరిన్. "పైన అలా ఊపకపోతే కుదరదు."

బూన్ ఇంకో హాస్యం ఆడబోయి అతని మొహం చూశాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"అవును బాబాయ్. మంచిదే," అని, బెంచీ మీద అతనికి చోటిచ్చి పక్కకి జరిగాడు.