అన్నానికి ముందే వెళ్లిన సాంబారు

నెట్ కేబుల్ వేసే చిట్టిరాజును మాటతో గెలిచినవాళ్లు మా వీధిలో లేరు. నేనూ రెండుసార్లు ఓడిపోయాను, అదీ గొంతు బొంగురుపోయేదాకా అరిచి. అలాంటివాణ్ణి మా మేడ మీద అద్దెకుండే వరహాలక్ష్మి గొంతయినా పెంచకుండా ఓడించింది. కుళాయి దగ్గర నిలబడి మొత్తం చూశాను.

"మా తీగలో లోపం లేదు మేడమ్, మీ కంప్యూటర్లోనే ఉన్నాది," అన్నాడు వాడు.

"అలాగే. కంప్యూటర్ తీసేసి నీ ఫోను కలుపు."

కలిపాడు. నెట్ రాలేదు.

"ఇప్పుడు ఫోను కదపకుండా ఆ నెట్ పెట్టె మార్చు. రెండూ ఒక్కసారే మార్చకు."

పెట్టె మార్చాడు. రాలేదు.

"ఇంక మిగిలిందేటి, చిట్టిరాజూ?"

వాడు స్తంభం ఎక్కాడు. ఉడత కొరికిన తీగ ముక్కతో కిందికి దిగాడు. ఒక్క తిట్టయినా లేకుండా తగువు గెలవడమేమిటి? నాకు ఆ పూట అన్నం సహించలేదు.

వరహాలక్ష్మిది రోలుగుంట. మొగుడు రాజుబాబు చింతపల్లి ఘాటు రోడ్డు మీద బస్సు నడుపుతాడు. పెళ్లయి ఏడు నెలలు. ఆ పిల్ల హైదరాబాదు కంపెనీ పని మా మేడ మీద కూర్చునే చేస్తుంది. ఆవిడ పై అధికారి వీరేంద్ర అనే ఆయన. ఆయన గొంతు నాకు బాగా తెలుసు, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఆ పిల్ల కంప్యూటర్లోంచి వినబడుతుంది. ఉతికిన బట్టలు లేని రోజున పొడివి తడిపి మరీ ఆరేశాను.

మొన్న వినాయకచవితి రోజుల్లో ఆ గొంతు పెద్దదైంది. "మీ ఊరి నెట్‌లో ఫైలు సగమే వచ్చి ఉంటుంది. సోమవారంలోగా తేలకపోతే హైదరాబాద్ ఆఫీసుకి వచ్చేయ్. ఇక ఇంటినుంచి పని కుదరదు."

అంటే ఆవిడ అక్కడ, మొగుడు ఘాటు మీద.

"ఏటే గొడవ?" అనడిగాను.

"పదిమంది తలో ముక్క రాస్తాం మామ్మగారూ. ఆఖర్ని అన్నీ కలిపి ఒకటి సేసేది లింకర్ అని ఉంటాది. ఒక ముక్కకి కావలసింది ఇంకో ముక్కలో ఉంటే తెచ్చి అతుకుతాది. నా ముక్క సేరినకాణ్ణించి ఒక మెషీన్లో అతుకుతాది, ఇంకో మెషీన్లో కావలసింది దొరకలేదంటాది. ఎదురుగానే ఉన్నాది, అయినా దొరకలేదంటాది!"

చిట్టిరాజును పట్టినట్టే దాన్నీ పట్టింది. ఫైళ్లు కొలిచి చూసింది, సగం కాదు, నిండుగానే ఉన్నాయి. ఆ రెండో మెషీన్లో తన ముక్క తీసేస్తే అతికింది, పెడితే విరిగింది. నెట్ తప్పు లేదని తేలింది కానీ తప్పు తన నెత్తి మీదకే వచ్చి కూర్చుంది. శనివారానికి మార్చి చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. రాజుబాబు నాతో మాట్లాడ్డం మానేశాడు. మామూలు రోజుల్లోనూ మాట్లాడడు, అది వేరే సంగతి.

ఆదివారం మా వీధి వినాయకుడి దగ్గర అన్నసమారాధన. వడ్డనకి మనుషులు చాలక ఆ పిల్లని మేడ మీంచి లాక్కొచ్చి సాంబారు బకెట్టు చేతికిచ్చాను. అన్నం ఇంకా గుండిగలోనే ఉంది. ఈవిడ సాంబారుతో బయల్దేరింది. ఆకులో అన్నం లేనిదే సాంబారు ఎవడడుగుతాడు? బంతి చివరిదాకా నడిచి, ఎవరికీ వద్దు కాబోలనుకుని, బకెట్టు దించి చేతులు కడిగేసుకుంది. తర్వాత అన్నం వెళ్లింది. నలభైమంది ఒక్కసారే "సాంబారూ!" అని కేకేశారు.

"ఏమే, కళ్లు మేడ మీద ఎట్టొచ్చావా?" అన్నాను. "అడిగించేది ముందెల్లాలి, పెట్టేది ఎనకాల ఎల్లాలి! ఎవులూ అడక్కముందే తిరిగేసి సేతులు కడిగేసుకుంటే, అడిగినోళ్లకి నీ బాబొచ్చి ఏత్తాడా?"

ఏడుస్తుందనుకున్నాను. కన్నార్పకుండా చూసి, "ఇంకోసారి అనండి మామ్మగారూ," అంది. అన్నాను, ఇంకో రెండు కలిపి. బకెట్టు నాకిచ్చి మెట్లెక్కి పారిపోయింది. నలభైమందికీ ఈ మోకాళ్లతో నేనే వడ్డించాను.

రాత్రి దిగొచ్చి చెప్పింది. ఆ లింకరూ వడ్డించేవాళ్లలాగే ముక్కల బంతిలో ఒక్కసారే నడుస్తుందట. పెట్టే ముక్క దగ్గరికి వచ్చేసరికి ఎవరూ అడిగి ఉండకపోతే దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది, మళ్లీ వెనక్కి తిరగదు. ఎవరి వెనక ఎవరో ఎవరూ రాయలేదట. "ఇందులో ఉన్నవన్నీ తీసుకో" అని ఒక్క మాట రాసి వదిలేశారట. ఒక్కో మెషీనూ తనకు తోచిన వరసలో తీసుకుంది. ఈ పిల్ల మెషీన్లో అన్నం ముందొచ్చింది, విరిగినదాంట్లో సాంబారు ముందొచ్చింది. వరస తన చేత్తో రాసి పెట్టింది, అన్నిచోట్లా అతికింది. నమ్మకం చాలక తన మెషీన్లో వరస తిరగేసింది, విరిగింది. మళ్లీ సరిచేసింది, అతికింది. అన్నీ తీసుకోమని మూడేళ్ల కిందట రాసిన మహానుభావుడు వీరేంద్రగారే. ఈ సంగతి ఆ పిల్ల నా చెవిలో చెప్పింది. వీధికి నేను చెప్పాను.

సోమవారం బట్టల సాకు లేకుండానే మేడ మీద ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని విన్నాను. వీరేంద్రగారు మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నారు.

"అయితే నెట్ కాదన్నమాట."

"కాదండి."

"సరే, అక్కణ్ణించే చేసుకో, రావక్కర్లేదు. కానీ నాకే రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. గురువారం మీటింగులో అందరికీ అర్థమయ్యేలా చెప్పు."

కంప్యూటర్ మూసి రాజుబాబుకి ఫోను చేసింది. ఘాటు మీద సిగ్నలు లేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"మామ్మగారూ, గురువారం పదకొండింటికి బేగి వంట ముగించుకుని పైకి రండి. పన్నెండు మంది ఉంటారు, ఈరేంద్రగారు కూడా. నన్ను తిట్టినట్టే ఆళ్లని తిట్టాలి. ఒక్క ముక్కా తగ్గించకండి, నీ బాబొచ్చి ఏత్తాడా అన్నది అసలొదలొద్దు."