తూటా గొట్టానికి చింతపండు

నా తూటా గొట్టాన్ని చింతపండుతో తోమేశారు.

ఏ కంపెనీ అమ్మని రకం అది. పెద్ద గొట్టం మూతి నొక్కి సన్నని గుండు పెడితే అమితవేగంతో పోతుందని పుస్తకాలు చదివి నేనే లెక్క కట్టాను. లైసెన్సున్న మిత్రుడు చేయించి పేల్చాడు. లెక్క కుదిరిందనడానికి మూతి చుట్టూ అంటిన మసే సాక్ష్యం. నన్ను బడి మొహం చూడనివాడని నలభై ఏళ్లుగా వెక్కిరిస్తున్న ఎల్బీనగర్ తుపాకుల మేస్త్రీకి చూపించాలని ఆ ఖాళీ గొట్టం తెచ్చాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన గది కిటికీలో పెట్టాను. శుక్రవారమని ఇంటావిడ ఇత్తడంతా తోముతూ దాన్నీ తోమింది. ఇప్పుడా గొట్టం దేవుడి గూట్లో బొట్టు పెట్టుకుని, అగరుబత్తి గుచ్చుకుని మెరుస్తోంది!

"ఆ మూతి అంత సన్నగా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా అమ్మా?" అని అరిచాను.

"మస్తు కష్టపడ్డవ్ తాతా. మా పాతదాని మూతి పెద్దగుండె, బత్తి ఒరుగుతుండె. ఇది సక్కగ నిలవడ్డది. ఇంకోటుంటే తీసుకరా, మా చెల్లెకిస్త."