రాజేందర్ సీరం

నవత సికింద్రాబాద్‌లో ఒక పరిశోధనశాలలో పదమూడేళ్లు రక్తం తీసింది. దొరకని నరం కూడా ఆమె వేలికి దొరుకుతుందని పేరు.

నాలుగేళ్ల కింద అక్కడ ఒక పరిశోధన మొదలైంది. ఒంట్లోని కణాలు ఆర్ఎన్ఏ ముక్కల్ని రక్తంలోకి వదులుతుంటాయి. జబ్బుపడ్డ కణాలు వదిలేవి వేరుగా ఉంటాయి. వాటిని చూసి క్యాన్సర్‌ని ముందే పసిగట్టవచ్చా అన్నది ప్రశ్న. పోల్చుకోడానికి ఆరోగ్యవంతులు కావాలంటే నవత తన భర్తనే తీసుకొచ్చింది. రాజేందర్ సీతాఫల్‌మండిలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. జ్వరమన్నది ఎరగడు.

"జెర మెల్లగ గుచ్చే. ఇంట్ల కోపమంతా ఈడ తీర్సుకుంటవేందీ?" అన్నాడు. అందరూ నవ్వారు.

రక్తంలోంచి సీరం అనే పచ్చటి నీటిని వేరు చేసి, గొట్టాల మీద పేరు లేకుండా నంబరు రాసి, నవతే ఫ్రీజర్లో పెట్టింది.

రెండేళ్లకు రాజేందర్‌కు నడుంనొప్పి షురువైంది. మిషన్ల మీద వంగి వంగి వచ్చిందనుకున్నారు. కళ్లు పచ్చబడ్డాక స్కాన్ తీస్తే పాంక్రియాస్‌లో గడ్డ. అప్పటికే కాలేయానికి పాకింది. ఆ తర్వాత ఎనభై రోజులు బతికాడు.

మొన్న జూన్‌లో నంబర్లకు పేర్లు కలిపారు. పరిశోధన నడిపే డాక్టర్ అనుపమ నవతను గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"ఆరోగ్యవంతుల్లో ఒకరి సీరంలో క్యాన్సర్ గుర్తులు బాగా కనిపించాయి నవతా. అది రాజేందర్‌ది."

"అప్పుడు నేను తీసిందేనా మేడమ్?"

"అదే. అప్పటికి దాన్ని చదవడం మాకు రాదు. ఇప్పటికీ ఒక్క మనిషి గురించి గట్టిగా చెప్పలేం."

"అప్పుడే తెలిస్తే బతికెటోడా?"

"తెలీదమ్మా. అబద్ధం చెప్పలేను."

"రోజూ ఆ ఫ్రీజర్ తీసిన, మూసిన మేడమ్. ఆయన ఇంట్ల నడుం పట్టుకొని కూసుంటే జండూబామ్ రాసిన," అని నవత మొహం కప్పుకుంది.

రాజేందర్ సీరం ఇంకో గొట్టం మిగిలిందనీ, వద్దంటే పరిశోధనలోంచి తీసేస్తామనీ అనుపమ చెప్పింది. నవత చూస్తానంది. గొట్టం మీది మంచు తుడిస్తే నంబరు తన చేతిరాతే. చలికి వేళ్లు కాలిపోతున్నా వదల్లేదు.

"కరిగిపోతుంది, ఇవ్వమ్మా," అంది అనుపమ.

"వాడుకోండ్రి. పారబొయ్యకుండ్రి," అని ఇచ్చేసింది.

వారం చిలకలగూడలో ఇంట్లోనే ఉండిపోయింది. తిరిగొచ్చిన రోజు, పోల్చుకోడానికి రక్తం ఇవ్వడానికొచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి చెయ్యి చాపి, "నాకేం జబ్బు లేదులెండి," అన్నాడు. నవతకు నరం కనిపిస్తూనే ఉంది. సూది మాత్రం గుచ్చలేకపోయింది. పక్క బల్ల దగ్గర రక్తం తీసే గ్లోరియాను పిలిచి సూది ఆమె చేతికిచ్చింది.

ఇప్పుడామె వచ్చినవాళ్ల పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుంటోంది.